ఎకరన్నర అంటే ఎకరన్నరే

మా వీధిలో కంప్యూటర్ కోర్సులు చదివిన పిల్లలు ఇంటర్వ్యూలకి వెళ్ళేముందు ఒకసారి నా దగ్గరికి వస్తుంటారు. ప్రోగ్రామింగ్‌లో అన్నిటికన్నా కష్టమైనది ఏది మేడం అని అడుగుతారు. అంకెని కాగితం మీద సరిగా అచ్చువేయడం అంటాను. పెద్దావిడ కదా అని మర్యాదకి తలూపుతారు. ఒకడైతే దానికి రెడీగా ఫంక్షన్ ఉంటుంది మేడం, పిలిస్తే చాలు అన్నాడు. ఆ ఫంక్షన్ గురించే ఇది రాస్తున్నాను.

రాజమండ్రికి గంట దూరంలో ఒక చక్కెర ఫ్యాక్టరీ కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఫ్యాక్టరీ పేరు రాయను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు లాంటివి కూడా రాయను. వాటివల్ల మీరు నేర్చుకునేది ఏమీ లేదు.

రాజుగారి కాగితం

తొంభైల మొదట్లో చేరాను. అప్పటికి సెక్షన్ అంటే ఒక ఏసీ గది, చెప్పులు బయట విడిచి వెళ్ళే పద్ధతి, నేను, ఒక ప్రింటర్. మా జనరల్ మేనేజర్ భీమవరం వైపు రాజుగారు. మనిషి మెత్తన, మాట సూటి. ఆయనకొక అలవాటుండేది. ఏ లెక్క కాగితం ఇచ్చినా పైకి చదివేవారు. కళ్ళతో చూస్తే తప్పు దాక్కుంటుంది, నోటితో చదివితే నాలుక తట్టుకుంటుంది అనేవారు.

మొదటి నెల నేను చక్కెర అమ్మకాల పట్టీ అచ్చువేసి ఇచ్చాను. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే మూడంకెలకొక కామా పెట్టాను. ఆయన చదవడం మొదలుపెట్టి రెండో వరుసలోనే ఆగిపోయారు. కుడివైపు నుంచి మొదటి కామా దగ్గర వేలు, రెండో కామా దగ్గర లక్ష, మూడోదాని దగ్గర కోటి. మన కన్ను అంకెల్ని లెక్కపెట్టదు, కామాల్ని పట్టుకుని చదువుతుంది. నా కాగితంలో లక్ష ఉండాల్సిన చోట కామా లేదు.

“అమ్మా, ఈ కాగితం ఎవరికి రాశావు?” అన్నారు.

మీకేనండి అన్నాను.

“అయితే నేను చదివేలా రాయి.”

కోప్పడలేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టారు, అంతే. ముప్ఫై ఏళ్ళలో నాకు దొరికిన ట్రైనింగ్ ఆ ఒక్క మాటే. తరవాత సర్టిఫికెట్లు ఇచ్చే శిక్షణలకి చాలా వెళ్ళాను. భోజనాలు బాగుండేవి.

ఆ వారమే కామాలు లక్షల్లో, కోట్లలో పడేలా మార్చాను. రైతుకిచ్చే చెల్లింపు చీటీలో రూపాయలు అంకెల్లోనూ, కింద తెలుగు మాటల్లోనూ వచ్చేలా రాశాను. ‘ఒక లక్షా పన్నెండు వేల నాలుగు వందల రూపాయలు మాత్రమే’ అని ప్రింటర్ గరగరలాడుతూ కొడుతుంటే నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

చుక్కకి అటూ ఇటూ

చెరకు ఫ్యాక్టరీకి డబ్బుకన్నా ముఖ్యమైన అంకె ఇంకొకటుంది. రైతు ఎంత భూమిలో చెరకు వేశాడన్నది. దాన్నిబట్టే అతనికి కటింగ్ ఆర్డర్లు ఇస్తారు. ఆర్డర్ లేకుండా నరికిన చెరకు గేటు దాటదు. పల్లెల్లో తిరిగి ఈ ఆర్డర్లు రాసిచ్చే ఉద్యోగిని ఫీల్డ్‌మాన్ అంటారు. మా సెక్షన్ నుంచి వెళ్ళే విస్తీర్ణం లిస్టు చూసి, అతను తన పుస్తకంలో చేత్తో ఆర్డర్ రాసి చించి ఇస్తాడు.

డెల్టాలో భూమిని ఎకరాల్లో, సెంట్లలో చెప్పుకుంటాం. వంద సెంట్లు ఒక ఎకరం. రాసేటప్పుడు ఎకరాలు ఒకవైపు, సెంట్లు ఒకవైపు, మధ్యలో గీత గానీ చుక్క గానీ. ఎకరా ఐదు సెంట్లు అయితే ఫీల్డ్‌మాన్లు 1-5 అని రాసుకుంటారు, లేకపోతే 1.5 అని. ఎకరా యాభై సెంట్లు అయితే 1.50. అంటే మా దగ్గర 1.5 వేరు, 1.50 వేరు. రెండిటికీ మధ్య నలభై ఐదు సెంట్ల నేలుంది. లెక్కల మాస్టారు వింటే తల పట్టుకుంటారు, పట్టుకోనివ్వండి.

అందుకే నా పాత ప్రోగ్రాములో ఎకరాలకొక గడి, సెంట్లకి రెండంకెల గడి విడిగా పెట్టాను. మధ్యలో గీత. ఐదు సెంట్లయితే 05, యాభై అయితే 50. పదేళ్ళు ఆ లిస్టు మీద ఒక్క తగువు రాలేదు.

హైదరాబాద్ ప్యాకేజీ

రెండు వేల సంవత్సరం దాటాక రాజుగారు రిటైరయ్యారు. కొత్త ఎండీ గారు వచ్చారు. చదువుకున్న మనిషి, పని తెలిసిన మనిషి, వినడం మాత్రం అలవాటు లేదు. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీని పిలిచి, ఫ్యాక్టరీ మొత్తానికి ఒకే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ పెట్టించారు. వాళ్ళ టీమ్ లీడర్ శ్రీధర్. ముప్ఫై దాటని కుర్రవాడు, తెలివైనవాడు, నన్నెప్పుడూ మేడం అనే పిలిచేవాడు. అతన్ని తిట్టడానికి రాయడం లేదు.

ఏ ప్రాంతంవాళ్ళు అంకెని, డబ్బుని, తేదీని ఎలా రాసుకుంటారో కంప్యూటర్‌కి చెప్పే పట్టికని లోకేల్ అంటారు. శ్రీధర్ బృందం మా కంప్యూటర్లన్నిటిలో అమెరికా లోకేల్ పెట్టి, ఎవరూ మార్చకుండా తాళం వేసింది. కామాల సంగతి నేను చెబితే, యూజర్లు అలవాటు పడతారు మేడం అన్నాడు.

మొదటి రివ్యూ మీటింగ్‌లో ఎండీ గారి ముందు అమ్మకాల పట్టీ పెట్టారు. ఆయన కుడివైపు నుంచి వేలితో ఒకటి, పది, వంద అని లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, మధ్యలో తప్పి, మళ్ళీ మొదలుపెట్టారు. కోట్లలో చూపించండి అన్నారు చిరాగ్గా. మర్నాడు పొద్దున్నకల్లా కామాలన్నీ లక్షల్లోకి, కోట్లలోకి వచ్చి కూర్చున్నాయి. యూజర్లు అలవాటు పడతారన్న సిద్ధాంతం ఒక్క రాత్రిలో గల్లంతైంది.

విస్తీర్ణం లిస్టు మాత్రం అలాగే ఉంది. కొత్త ప్యాకేజీ చుక్క తరవాత చివర సున్నా ఉంటే దాన్ని తీసేసి అచ్చువేస్తోంది. ఎకరన్నర 1.5 అయింది. రెండెకరాల ఇరవై సెంట్లు 2.2 అయింది. నేను వెళ్ళి చెప్పాను. శ్రీధర్ ఓపిగ్గానే విన్నాడు.

“లోపల వాల్యూ కరెక్టే మేడం. చూపించడంలోనే తేడా.”

ఫీల్డ్‌మాన్ చూసేది లోపల కాదు బాబూ, కాగితాన్ని అన్నాను. రెండూ ఒకటే అంకె మేడం అన్నాడు మళ్ళీ. అతనికి క్రికెట్ పిచ్చి. ఏడు పాయింట్ రెండు ఓవర్లంటే ఏంటని అడిగాను. ఏడు ఓవర్లు, రెండు బంతులు అన్నాడు. పదింట రెండు వంతుల ఓవరు కాదేం అన్నాను. నవ్వాడు. అది క్రికెట్ మేడం అన్నాడు. ఇది చెరకు అన్నాను.

అతనికి అర్థమైంది. మార్చడం గంట పనే అని ఒప్పుకున్నాడు కూడా. కానీ ఒప్పందంలో లేని మార్పుకి చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి, దాని మీద మూడు సంతకాలు కావాలి, మూడోది ఎండీ గారిది. ఎండీ గారు ఆ కాగితం చూసి, స్కూలు పిల్లవాడికి కూడా 1.5, 1.50 ఒకటేనని తెలుసు అని కొట్టేశారు. ఆయనకి చెరకు తోట లేదు. కోట్ల కామా ఒక్కరోజులో సరైపోయి, సెంట్ల సున్నా సరికాకపోవడానికి ఇంతకుమించి సాంకేతిక కారణం నాకు కనబడలేదు.

ఈ అన్యాయం మా ఫ్యాక్టరీ ఒక్కదానిదే అనుకోకండి. జర్మనీవాళ్ళు మనం చుక్క పెట్టే చోట కామా పెడతారు, కామా పెట్టే చోట చుక్క పెడతారు. దాన్ని ప్రపంచమంతా తలవంచి ఒప్పుకుంది. నరసాపురం లేసు కొనే విదేశీ వ్యాపారి బిల్లులో చుక్క ఎక్కడ పెట్టమంటే మనవాళ్ళు అక్కడ పెట్టి పంపిస్తారు. వాళ్ళు రాసుకునే తీరుకి లోకేల్ అని పేరు. మేం రాసుకునే తీరుకి మాత్రం అలవాటు అని పేరు, మానుకోవాలట. ఎందుకు మానుకోవాలి?

గంగరాజు గారి తోట

సీజను చివరికొచ్చింది. ఫ్యాక్టరీ క్రషింగ్, అంటే చెరకు ఆడడం, ఆపడానికి ఇంకో వారమో పది రోజులో ఉందనగా గంగరాజు గారనే రైతు నా గది బయట నిలబడి ఉన్నారు. ఎకరన్నర చెరకు వేశారు. ఎకరం పైచిలుకు నరికి తోలారు. ఆ తరవాత ఫీల్డ్‌మాన్ సత్తిబాబు ఆర్డర్లు ఆపేశాడు.

సత్తిబాబు తప్పేమీ లేదు. మొహమాటాలు పెరక్కుండా ఫీల్డ్‌మాన్లని ఏటా ఊళ్ళు మారుస్తారు. అతను ఆ ఊరికి కొత్త. లిస్టులో 1.5 అని ఉంది. ఎకరా ఐదు సెంట్లు అని చదువుకున్నాడు, వాళ్ళ నాన్న కూడా అలాగే చదివేవాడు. దానికి తగిన చెరకు వచ్చేసింది. ఇంకా ఉందంటే, గంగరాజు గారు పక్కవాళ్ళ చెరకు తన పేరు మీద తోలుతున్నారని అనుమానం. అలా తోలేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు, దొరికితే ఫీల్డ్‌మాన్ ఉద్యోగం పోతుంది.

గంగరాజు గారు కూర్చోమన్నా కూర్చోలేదు.

“తోట పూతకొచ్చేసిందండి. ఇంకో వారం ఉంటే గుల్లయిపోద్ది. కాలవలు కట్టేసేలోపు నరక్కపోతే కార్శి కూడా లేవదండి. అది పోతే పోయిందండి. ఊళ్ళో నన్ను దొంగ చెరుకు తోలేవోడంటన్నారు. ఆ మాటెలా పోద్దండి?”

కార్శి అంటే నరికిన మొదళ్ళ నుంచి మళ్ళీ లేచే పంట. దానికి వెంటనే నీళ్ళు పెట్టాలి. వేసవిలో డెల్టా కాలవలు కట్టేస్తారు. అంటే ఆయన ఈ ఏటి చెరకే కాదు, వచ్చే ఏటిది కూడా పోగొట్టుకుంటున్నారు. పైన దొంగ అనే మాట. అదంతా ఒక సున్నా వల్ల.

ఎండీ గారి దగ్గరికి వెళ్ళాను. మిగిలింది బెల్లం వండుకోమనండి అన్నారు. గంగరాజు గారికి గానుగ లేదు, పొయ్యి లేదు, అరెకరం చెరకు కోసం అవి పుట్టవు. ఇంకా అడిగితే, మీరు ముందు ప్యాకేజీ బాగా పనిచేస్తోందని సంతకం పెట్టండి, ఆ కాగితం మీ దగ్గరే ఆగిపోయింది అన్నారు. పెట్టనండి అన్నాను.

పాత కంప్యూటర్ ఇంకా గది మూల గుడ్డ కప్పుకుని ఉంది. పాత పద్ధతీ కొత్త పద్ధతీ కొన్నాళ్ళు పక్కపక్కన నడపాలని ఆ ఏడాది విస్తీర్ణాలు అందులోనూ ఎక్కించి ఉంచాను. దాన్ని ఆన్ చేసి, నా ప్రోగ్రాముతో లిస్టు మొత్తం అచ్చువేశాను. గీతలతో, సెంట్లకి రెండంకెలతో. సున్నా పోగొట్టుకున్న రైతులు గంగరాజు గారొక్కరే కాదు, ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ప్రతి పేజీ కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. ఫీల్డ్‌మాన్లని పిలిచి చేతికిచ్చాను. దీన్ని చూసి ఆర్డర్లు రాయండి, ఎవరైనా అడిగితే నేనిచ్చానని చెప్పండి అన్నాను. సత్తిబాబు గంగరాజు గారి వరుస మీద వేలు పెట్టి చూసి, అయ్యబాబోయ్ ఎకరన్నరాండి అన్నాడు. ఆ సాయంత్రమే వెళ్ళి ఆర్డర్లు రాసిచ్చాడు.

మెమో

రెండో రోజుకి విషయం పైకి తెలిసింది. అధికారం లేకుండా చెల్లని పత్రాలు జారీ చేశానని మెమో ఇచ్చారు. క్షమాపణ రాసిస్తే సెక్షన్‌లోనే ఉండవచ్చు, లేకపోతే కాటా దగ్గరికి మారుస్తామన్నారు. కాటా అంటే చెరకు బళ్ళు తూచే చోటు. దుమ్ము, ఎండ, ట్రాక్టర్ల పొగ, పొద్దస్తమానం రైతులతో తగువులు. ఆడవాళ్ళెవరూ అక్కడ పనిచేయలేదు. భయపడి రాసిస్తాననుకున్నారు.

జవాబు ఒక్క వాక్యం రాశాను. ఎకరన్నరని ఎకరా ఐదు సెంట్లుగా చదివించే కాగితం నా చేతిమీదుగా బయటికి వెళ్ళదు అని. ఇంట్లో మావారు చదివి, కొంచెం మెత్తగా రాయాల్సింది అన్నారు. ఇదే మెత్తగా రాసిందండి అన్నాను. మర్నాడు కాటా దగ్గరికి వెళ్ళాను.

పిల్లలూ, తరవాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, దానికోసం మీరు ఆగక్కర్లేదు. తరవాతి సీజనుకి ప్యాకేజీ లిస్టులో గీత వచ్చింది, రెండంకెల సెంట్లు వచ్చాయి. మార్చింది శ్రీధరే. మూడు సంతకాలూ ఎలా పడ్డాయో నాకు చెప్పలేదు. నన్ను మళ్ళీ సెక్షన్‌కి పిలిచారు, వెళ్ళాను. క్షమాపణ వాళ్ళు అడగలేదు, నేను రాయలేదు. తప్పు జరిగిందని వాళ్ళూ అనలేదు.

మీ సీనియర్లు మీతో ఫార్మాటింగ్ అంటే పైపై అలంకారం అంటారు. నమ్మకండి. లోపల ఎంత సరైన అంకె ఉన్నా, మనిషికి అందేది మీరు అచ్చువేసినదే. దాన్ని చూసే అతను కత్తి పడతాడు, బండి కడతాడు, నీళ్ళు పెడతాడు. చదివే మనిషి ఎలా చదువుతాడో కనుక్కోకుండా రాసిన ప్రోగ్రాము ఎంత వేగంగా నడిచినా నాకు అక్కర్లేదు. పై అధికారి చదవలేకపోతే లోపం, రైతు చదవలేకపోతే అజ్ఞానం అనే ఆఫీసులో మీరు చేరితే, ఎదురు చెప్పండి. ఉద్యోగం పోతుందేమో అంటారా? పోవచ్చు. నాది పోలేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నానని కూడా మీరు అనవచ్చు. అనండి.

ఆఖరి రోజు

క్రషింగ్ ఆపేసే రోజు సైరన్ మోగేలోపు కాటా ఎక్కిన బండి చెరకు తీసుకోవాలన్నది పాత కట్టుబాటు. ఆ తరవాత వచ్చినదాన్ని వెనక్కి పంపుతారు. ఆ రోజు ఇంకో ఆర్డరు కూడా వచ్చింది. నా పాత లిస్టు చూసి రాసిన ఆర్డర్ల మీద వచ్చే చెరకుని తీసుకోకూడదని. నోటిమాటగా వచ్చింది, కాగితం మీద పెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. నేను పొద్దుట నుంచీ తీసుకుంటూనే ఉన్నాను.

మధ్యాహ్నం దాటాక ఎండీ గారు స్వయంగా కాటా దగ్గరికొచ్చి నిలబడ్డారు. వరసలో ఇంకా చాలా బళ్ళున్నాయి. చివరికెక్కడో గంగరాజు గారి ఎడ్ల బండి. కూలీలు దొరక్క ఆయనా, ఆయన భార్యా, అన్నదమ్ములూ కలిసి నరుక్కున్నారట. ఎండీ గారు నా పక్కకి వచ్చి, ఆ ఆర్డర్లు చెల్లవని మీకు చెప్పారు కదా అన్నారు. చెప్పారండి అన్నాను. మరి అన్నారు. రాసివ్వండి, ఆపేస్తాను అన్నాను.

ఆయన రాయలేదు. వెళ్ళనూ లేదు. బళ్ళు ఒక్కొక్కటీ ఎక్కి దిగుతున్నాయి. నేను తొందరపడలేదు, ఆలస్యమూ చేయలేదు. గంగరాజు గారి ఎడ్లు కాటా మీద కాలు పెట్టేసరికి బాయిలర్ హౌస్ మీద సైరన్ ఇంకా మోగలేదు.

కాటా దగ్గర తూచేముందు రైతు పేరు, విస్తీర్ణం పైకి చదవాలి, చుట్టూ ఉన్న రైతులకి వినబడాలి. రోజంతా చదివి నా గొంతు బొంగురుపోయింది. గంగరాజు గారు ఎడ్ల ముందు నిలబడి నా వైపు చూడకుండా నేలకేసి చూస్తున్నారు. ఆయన ఊరివాళ్ళు పదిమంది వెనక బళ్ళ మీద ఉన్నారు. దొంగ చెరకు అన్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉండి ఉంటారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

“గంగరాజు గారు. ఎకరా యాభై సెంట్లు. సొంత చెరకు.”

సొంత చెరకు అనే మాట కాటా పుస్తకంలో ఎక్కడా లేదు. అది చదవమని నాకెవరూ చెప్పలేదు. గంగరాజు గారు తలెత్తి వెనకున్న బళ్ళ వైపు ఒకసారి చూశారు. ఎండీ గారు ఏం చదివారండి అన్నారు. ఆయనకి వినబడలేదేమోనని, రెండోసారి ఇంకా గట్టిగా చదివాను.